కొలిచే పెట్టెను కొలవడం

నేను సంతకం పెట్టిన ఒక కాగితం వల్ల ఐదుగురు కూలీలకు రెండు రోజుల కూలి పోయింది. ఆ కాగితం మీద ఉన్నది నాలుగు ముక్కలే: "పరికరమును పరీక్షించితిని. సరిగా పనిచేయుచున్నది." కింద నా పేరు, హోదా, కాలేజీ ముద్ర. అబద్ధం రాశానని ఎవరూ అనలేరు. నేను పరీక్షించిన మాట నిజం; నా ఎదుట అది పనిచేసిన మాటా నిజమే. అయినా గుంట తవ్విన చోట తీగ చెక్కుచెదరకుండా ఉన్నది.

విమర్శ వ్యాసాలు వచ్చే పత్రికలో టెలిఫోను తీగల గొడవ ఏమిటని మిత్రులు అడగవచ్చు. నేను కథలు, కవిత్వం చదివి తీర్పు చెప్పేవాణ్ణి కాను. పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పేవాణ్ణి. ఒక పరికరం మంచిదో కాదో తీర్పు చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఆ తీర్పు ఎక్కడ, ఎంచేత తప్పిందో దాచకుండా రాస్తే, తీర్పులు చెప్పే ఇతరులకూ పనికి రావచ్చునని రాస్తున్నాను.

ఈ రోజుల్లో రాగితీగ టెలిఫోను ఎక్కడున్నది అనే ప్రశ్న కూడా వస్తుంది. ఇళ్ళలోంచి అది చాలావరకు పోయిన మాట వాస్తవం. గాజుతీగ వచ్చింది, చేతిలో ఫోను వచ్చింది. కానీ కర్మాగారాల ఆవరణల్లో, పెద్ద ఆసుపత్రుల్లో, రైలు పట్టాల పక్కన మట్టికింద రాగి జతలు ఇంకా పనిచేస్తూనే ఉన్నవి. వాటిలో నీరు చేరుతుంది, వాటిమీద పలుగు పడుతుంది, ఎలుక కొరుకుతుంది. తెగిన చోటు ఎక్కడో పైకి కనిపించదు. దాన్ని వెతికి బాగుచేసే పని ఇప్పుడు ఎక్కువగా కాంట్రాక్టు మీద జరుగుతున్నది. మా కాలేజీలో చదివిన కుర్రవాడొకడు అలాంటి పనిలో చేరాడు. పేరు రాయను, అతను ఇంకా ఆ కాంట్రాక్టరు దగ్గరే ఉన్నాడు.

ఉద్యోగంలో చేరేనాడు కాంట్రాక్టరు అతనికి ఒకే షరతు పెట్టాడు: టెస్టింగు సామాను నీదే. జీపు నాది, కూలీలు నావాళ్ళు, బిల్లు నాది. మీటరు మాత్రం నువ్వు తెచ్చుకోవాలి. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉంటాయన్న విషయం మీద నేను క్లాసులు విన్నవాణ్ణి, తీసుకున్నవాణ్ణి. ఈ ఏర్పాటు ఏ కోవకు వస్తుందో నాకు వెంటనే బోధపడలేదు. సాధనం కార్మికుడిదే, దాన్ని కొనడానికి చేసిన అప్పు కూడా అతనిదే. కొత్తది కొనే తాహతు అతనికి లేదు. "పాతది చూసిపెట్టండి మాస్టారూ" అన్నాడు.

పాత టెస్టింగు సామాను కోసం హైదరాబాదు వెళ్ళాం, కోఠీలో గుజరాతీ గల్లీకి. మాతోపాటు ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన కేబుల్ జాయింటరు. రాగితీగల్ని అతికే పనిలోనే తల నెరిసింది. 2020 జనవరి 31న ప్రభుత్వ టెలిఫోను సంస్థ నుంచి స్వచ్ఛంద విరమణ తీసుకున్న 78 వేల మంది చిల్లరలో ఆయన ఒకరు. మా పిల్లలు ఆయన్ను తాతయ్య అంటారు. నేను పెద్దాయన అంటాను, ఆయన నన్ను మాస్టారూ అంటాడు. చొక్కా జేబులో బీడీకట్టతోపాటు రెండు చిన్న నిరోధాలు పెట్టుకుని వచ్చాడు: ఒకటి 1 మెగోము, ఒకటి 10 మెగోములు. ఎందుకో అప్పుడు నేను అడగలేదు.

మొదట కొనవలసింది మెగ్గరు. తీగమీద తొడుగు ఎంత గట్టిగా ఉన్నదో, కరెంటు పక్కకు ఎంత కారుతున్నదో చెప్పే పెట్టె అది. పిడి తిప్పితే లోపలి డైనమో 500 వోల్టులు పుట్టిస్తుంది. ఎవర్‌షెడ్ అండ్ విన్యోల్స్ అనే ఇంగ్లీషు కంపెనీ 1903లో ఆ పేరును తన వ్యాపార ముద్రగా నమోదు చేయించుకున్నది. మనవాళ్ళు ఎవరు చేసిన పెట్టెనైనా మెగ్గరనే అంటారు. దుకాణంలో రెండున్నవి. ఒకదాని ముల్లు స్కేలు మధ్యలో ఎటూ కాకుండా నిలబడి ఉన్నది. రెండోదాని ముల్లు బుద్ధిగా స్కేలు చివర, అనంతం గుర్తు మీద ఉన్నది. పెట్టె కూడా మెరుస్తున్నది. నేను రెండోదాన్ని చూపించాను. పెద్దాయన నవ్వి, రెండు పెట్టెల్నీ ఒకదాని తరువాత ఒకటి చేతిలోకి తీసుకుని పక్కకు వంచాడు. మొదటిదాని ముల్లు నీటిమీద ఆకులాగా అటూ ఇటూ తేలింది. రెండోదాని ముల్లు కదల్లేదు.

"దీనికి స్ప్రింగు ఉండదు మాస్టారూ. రెండు చుట్టలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. తిప్పనప్పుడు ముల్లు ఎక్కడైనా ఉంటుంది. ఉండాలి. ఉన్నచోటే ఉండిపోయిందంటే ఇరుసు పట్టేసిందన్నమాట."

ఆ రెండు చుట్టల సిద్ధాంతం నేను ఎన్నిసార్లు బోర్డు మీద గీశానో లెక్కలేదు. స్ప్రింగు లేదని పరీక్షపేపరులో ప్రశ్న కూడా ఇచ్చాను. స్ప్రింగు లేకపోతే దుకాణంలో ముల్లు ఎలా కనిపిస్తుందన్న ఆలోచన మాత్రం నాకెన్నడూ రాలేదు.

మొదటిదాన్నే తీసుకుని ఆయన పరీక్ష మొదలుపెట్టాడు. తీగలు తగిలించకుండా పిడి తిప్పి అనంతం చూశాడు. తరువాత తీగలు తగిలించి, కొసలు విడిగా పట్టి మళ్ళీ చూశాడు. పెట్టె మంచిదైనా దాని తీగలే కారుతూ ఉండవచ్చునట. కొసలు కలిపి సున్నా చూశాడు. అప్పుడు జేబులోని నిరోధాలు బయటికి వచ్చినవి. ఒకదానికి ఒకటి చూపింది, పదికి పది చూపింది. పిడిని బలంగా తిప్పితే ఒక వేగం దాటాక లోపలి క్లచ్ జారాలి, జారింది. రెండువేల ఐదువందలకు బేరం కుదిరింది. దుకాణదారు పెద్దాయనకు టీ తెప్పించాడు.

ఆ తిరుగు ప్రయాణంలో ఆయన చెప్పిన సంగతుల్లో రెండు తప్పకుండా రాయాలి. మెగ్గరు పెట్టేముందు జతను రెండు కొసల్లోనూ విప్పాలి, అటు కొసన ఉన్న మనిషితో మాట్లాడి, చేయి తీశానని అతని నోటితో అనిపించుకోవాలి. 48 వోల్టులకు అలవాటుపడ్డ ఎక్స్‌ఛేంజి కార్డుకు 500 వోల్టులు తగిలితే కార్డు పోతుంది. మనిషికి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పరీక్ష అయ్యాక తీగలో నిలిచిన విద్యుత్తును భూమికి దింపకుండా ముట్టుకోకూడదు. ఇక రెండోది లైన్‌మన్ నడుముకు వేలాడే టెస్ట్ ఫోను గురించి. పాతది కొనేటప్పుడు అందరూ అది మాట్లాడుతుందా అని చూస్తారు. ఆయన మాత్రం అది ఊరుకోగలదా అని చూస్తాడు. మానిటరు బొత్తాం వేసి లైనుకు తగిలిస్తే, సాగుతున్న మాటలకు భంగం కలగకూడదు. పాతబడ్డ ఫోన్లు కొన్ని లైనును లాగేసుకుంటాయి, అవతల ఎవరి మాటో తెగిపోతుంది. "మాట వినపడితే క్లిప్పు తీసెయ్యాలి. వినకూడదు" అన్నాడు. ఇతరుల మాటలు వినే అధికారాన్ని సర్కారు 1885 టెలిగ్రాఫు చట్టంలోనే రాసిపెట్టుకున్నది. స్తంభమెక్కిన ఈ మనిషిని ఆపేది మాత్రం చట్టంకన్నా ఎక్కువగా తన సంస్కారమే.

రెండో ప్రయాణానికి పెద్దాయన రాలేదు, జ్వరం. అసలు కథ అక్కడున్నది.

ఈసారి కొనవలసింది పల్సు టెస్టరు. తీగలోకి చిన్న విద్యుత్ తరంగాన్ని పంపుతుంది. తీగ తెగిన చోటో, నీరు చేరిన చోటో అది తగిలి వెనక్కి వస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని వేగంతో గుణించి, సగం చేసి, ఇన్ని మీటర్ల దూరంలో లోపమున్నదని అద్దం మీద చూపిస్తుంది. కొండ ఎదుట నిలబడి కేకవేసి దూరం కట్టడం లాంటిదే. అయితే తీగలో కేక ఎంత వేగంగా పోతుందో పెట్టెకు మనమే ముందు చెప్పాలి. కాంతివేగంలో ఇన్నోవంతని ఒక అంకె పెట్టాలి. పొడి కాగితం చుట్టిన పాత కేబులుకు అది సుమారు 72 శాతం. ప్లాస్టిక్ తొడుగు మధ్య జెల్లీ నింపిన కేబులుకు సుమారు 64. కేబులు తయారీనిబట్టి ఒకటి రెండు అటూ ఇటూ ఉంటుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసికూడా దుకాణంలో అద్దం వెలిగిందా, బ్యాటరీ నిలుస్తుందా, బొత్తాలు పలుకుతున్నాయా అని చూశాను. కాలేజీకి తెచ్చి లేబరేటరీలో ఉన్న ఐదు మీటర్ల కేబులు ముక్కకు తగిలించాను. అద్దం మీద 6 అని వచ్చింది. ఒక్క మీటరు తేడా ఏమంతలే అనుకున్నాను. కాంట్రాక్టరు ఏదో ఒక ధ్రువపత్రం అడుగుతున్నాడని కుర్రవాడు అంటే, కాగితం తీసి, పైన చెప్పిన నాలుగు ముక్కలూ రాసి సంతకం పెట్టాను.

ఐదుకు ఆరు! ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఐదుకు ఆరు చూపిస్తే అడుగుతాడు. పెట్టె పాత యజమాని కాగితపు కేబుళ్ళ మీద పనిచేసినట్టున్నాడు. వేగం 72 దగ్గరే ఉండిపోయింది. మా ముక్క జెల్లీ కేబులు. అసలు 5.6 రావలసింది, పెట్టె దాన్ని దగ్గరి పూర్ణాంకానికి ఆరు చేసింది. నా బల్ల పొడవు ఐదు మీటర్లు గనుక తప్పు కూడా మీటరులోపే కనిపించింది. కర్మాగారంలోని కేబులు పొడవు 800 మీటర్లు.

లోపం 400 మీటర్ల దగ్గర ఉన్నది. పెట్టె 450 అన్నది. మంచి జతను ఒకదాన్ని తీసుకుని మొత్తం పొడవు చూసి ఉంటే 800కు 900 వచ్చేది, తప్పు అక్కడే బయటపడేది. కుర్రవాడు ఆ పని చేయలేదు. "మీరు సరిచూశారుగదా మాస్టారూ" అన్నాడు తరువాత. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. 450 దగ్గర మీటరు లోతు గుంట తవ్వారు. అక్కడ లేకపోతే అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు తవ్వారు. ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, రెండు రోజులు, గులకమట్టి.

మూడోరోజు పెద్దాయన జ్వరంలోనే లేచి వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. ఆయన చంకలో తన పాత బ్రిడ్జి పెట్టె ఉన్నది. లోపమున్న తీగను, బాగున్న మరో తీగను అటు కొసన కలపమన్నాడు. ఇటు కొసన బ్రిడ్జి తగిలించి గాల్వనోమీటరు ముల్లు సున్నాకు వచ్చేదాకా డయళ్ళు తిప్పాడు. ఒకవైపు ఒక వంతు, రెండోవైపు మూడు వంతులు. పోనూ రానూ మొత్తం తీగ 1600 మీటర్లు; అందులో నాలుగోవంతు 400. దీన్ని ముర్రే లూపు పరీక్ష అంటారు. ఇందులో వేగం అక్కర్లేదు, వేడి లెక్క అక్కర్లేదు. తీగ మందం మొదటినుంచీ చివరిదాకా ఒకటే అయితే చాలు, నిష్పత్తే దూరం చెబుతుంది. వేపచెట్టు పక్కన తవ్వితే, అనుకున్నదానికి రెండు మీటర్లలో నీరు తాగిన జాయింటు దొరికింది.

కాంట్రాక్టరు మొదటి రెండు రోజుల కూలి ఇవ్వనన్నాడు. పని జరగలేదట. నేను డబ్బు తీసుకుని ఆ ఐదుగురి దగ్గరికీ వెళ్ళాను. అందులో పెద్దావిడ డబ్బు ముట్టుకోలేదు. "మీరెందుకిత్తారు బాబూ? మేం తవ్వింది ఆయన చెప్పిన చోటే గదా. కూలి ఆయన్నే అడుగుతాం" అన్నది. నేనిచ్చేది దానమవుతుందనీ, తనకు రావలసింది కూలి అనీ ఆమెకు ఎవరూ క్లాసు తీసుకుని చెప్పలేదు. నాలుగు వారాలు అడగ్గా అడగ్గా ఒకరోజు కూలి వచ్చింది. రెండోరోజుది ఇప్పటికీ రాలేదు.

ఆ తరువాత నేను సాయంత్రాలు పెద్దాయన ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను, పరికరాలు ఎలా దాచుకుంటాడో చూడడానికి. దాచుకోవడమంటే కొత్తగా కనిపించేట్టు తుడవడం అనుకునేవాణ్ణి. ఆయన బ్రిడ్జి పెట్టె పైభాగం ఎప్పుడూ మాసే ఉంటుంది. మూత విప్పితే లోపలి ఇత్తడి పలకలు మాత్రం అద్దాల్లా ఉంటాయి. ప్రతి డయలునూ వాడబోయే ముందు ఈ చివరినుంచి ఆ చివరికి పదిసార్లు తిప్పుతాడు, కిలుము రాలడానికి. సంవత్సరానికి రెండుసార్లు స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడిచి, వేసెలిన్ పూశారో లేదో అన్నంత పల్చగా పూస్తాడు. గరుకు కాగితం పెట్టి రుద్దినవాడు ఆయన దృష్టిలో నేరస్థుడు. పని కాగానే సెల్సు తీసేస్తాడు; పాత పెట్టెలు కొనేటప్పుడు మొట్టమొదట సెల్సు గది మూత తీసి చూడాలనీ, అక్కడ ఆకుపచ్చ ఉప్పు కక్కి ఉంటే లోపలి తీగలదాకా పాకి ఉంటుందనీ చెప్పాడు. మోసుకుపోయేటప్పుడు గాల్వనోమీటరు ముల్లును బిగించాలి. తీగలు తెగేది మధ్యలో కాదు, క్లిప్పు దగ్గర, తొడుగులోపల. అందుకని వంచుతూ వింటూ ఉండాలి.

వానాకాలం జాగ్రత్త వేరు. ప్రతి పెట్టెలోనూ ఒక గుడ్డసంచిలో సిలికాజెల్ గింజలు ఉంచుతాడు. గాలిలో తేమ తాగితే నీలం గింజలు గులాబిరంగుకు మారతవి. అప్పుడు మూకుట్లో వేయిస్తే తేమపోయి మళ్ళీ నీలం వస్తుంది. ఆ మూకుడు వంటకు వాడకూడదు. మా ఇంట్లో నేను వాడి తిన్న చీవాట్లు ఇక్కడ రాయను.

బ్రిడ్జి గురించి ఒక చిన్న సంగతి. దీన్ని లోకమంతా వీట్‌స్టన్ బ్రిడ్జి అంటుంది. 1833లో దాన్ని కనిపెట్టినవాడు శామ్యూల్ హంటర్ క్రిస్టీ; చార్లెస్ వీట్‌స్టన్ పదేళ్ళ తరువాత ప్రచారంలోకి తెచ్చాడు. క్రిస్టీదేనని వీట్‌స్టన్ స్వయంగా ఒప్పుకున్నా పేరు మాత్రం మారలేదు. ఆ బ్రిడ్జిని ఏ అమరికలో పెడితే బాగా కొలుస్తుందో 1873లో రాసినవాడు ఆలివర్ హెవిసైడ్, కాలేజీ మెట్లెక్కని టెలిగ్రాఫు ఉద్యోగి. తీగలో తరంగం ఎలా పోతుందనే సిద్ధాంతానికి, అంటే నా పల్సు టెస్టరుకు ప్రాణమైన సిద్ధాంతానికి, రూపమిచ్చినవాడూ ఆయనే. తీగల దగ్గర కూర్చున్నవాడికి పుట్టిన ప్రశ్నలవి. మేము ఆ సమీకరణాలు చెబుతాము. అవి పుట్టిన గదిని గురించి చెప్పము.

ఈ మాటను సాగదీసి, చేతిపని తెలిసినవాడికే అంతా తెలుసునని తేల్చడానికి నేను సిద్ధంగా లేను. పెద్దాయనకూ తప్పులున్నవి. 0.5 మిల్లీమీటరు తీగ కిలోమీటరు జతకు లూపు నిరోధం 176 ఓములని ఆయనకు కంఠతా వచ్చు; ఆ అంకె 20 డిగ్రీల వేడి దగ్గరిదన్న సంగతి ఆయన పట్టించుకోలేదు. రాగి డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున నిరోధం పెంచుకుంటుంది. మన మే నెలలో ఎండలో పడి ఉన్న తీగ 40 డిగ్రీలుంటే అంకె ఎనిమిది శాతం పెరుగుతుంది. భూమిలో మీటరు లోతున అంత ఉండదు, స్తంభం మీద అంతకన్నా ఎక్కువే ఉండవచ్చు. "వేసవిలో లెక్క ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, అందుకని కొంచెం వెనక్కి తవ్వేవాళ్ళం" అన్నాడు. ఆ "కొంచెం" ఎంతో కాగితం మీద వేసి చూపిస్తే చాలాసేపు చూసి, ఆ కాగితాన్ని మడిచి బీడీకట్ట పక్కన పెట్టుకున్నాడు.

ఐదు మీటర్ల ముక్కను పారేశాను. ఒకచోట పని ముగిశాక మిగిలిన డ్రమ్ము కేబులు సంపాదించాం: పది జతలు, 50 మీటర్లు, జెల్లీ నింపినది. పది జతల్నీ వరసగా ఒకదాని కొసకు ఒకటి కలిపితే 500 మీటర్ల లైను అయింది. దాన్ని లేబరేటరీ బయట వసారాలో పెట్టాం. దారికి అడ్డమని పైనుంచి ఒక మెమో వచ్చింది, జవాబు రాశాను. 20 డిగ్రీల దగ్గర 88 ఓములు రావాలి. మే నెల మధ్యాహ్నం 95 వచ్చింది. మా పిల్లలు ఎందుకని అడిగారు. ఆ రోజు పాఠం అంతా అదే. ఆ ఏడు ఓములను లెక్కలోకి తీసుకోకపోతే 40 మీటర్ల అవతల తవ్వుతాం.

ఇప్పుడు ఏ పాత పెట్టె వచ్చినా అందుకే పెడతాం. పల్సు టెస్టరు వేగాన్ని 500 చూపేదాకా సవరించి, ఆ అంకెను పెట్టెమీద రంగుతో రాస్తాం, ఏ కేబులుకో కూడా రాస్తాం. గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపి సరిచూయించవచ్చు. ఆ ఖర్చు పెట్టె ఖరీదును మించుతుంది. అందుకని కనీసం రెండు వేరువేరు పద్ధతుల పరికరాలు ఒకే దూరం చెప్పేదాకా ఏ ఒక్కదాన్నీ నమ్మము. నేనిచ్చే కాగితం కూడా మారింది. సరిగా పనిచేయుచున్నదని రాయను. ఏ కేబులు మీద, ఎంత పొడవు మీద, ఎంత వేడిలో, ఎంత తేడాతో చూశామో రాస్తాను. అది కాంట్రాక్టరుకు నచ్చలేదు. "బాగుందో బాగులేదో ఒక్కమాట రాయమనండి" అన్నాడట. కుర్రవాడు ఆ కాగితాన్ని మాత్రం మడిచి తన పెట్టె మూతలో పెట్టుకున్నాడు. ఇప్పుడు గుంట తవ్వే ముందు మంచి జతమీద మొత్తం పొడవు చూస్తాడు. చూసేదాకా కూలీలే పలుగు దించడంలేదట. ఆ పెద్దావిడ నేర్పిందట వాళ్ళకు.

నిన్నటి వానకు మా డ్రమ్ములో ఐదో జత తొడుగు నిరోధం పడిపోయింది. మెగ్గరు ముల్లు అనంతం దగ్గరనుంచి జారి 20 మెగోముల దగ్గర ఆగింది. మిగతా జతలు బాగానే ఉన్నవి. కొసన వేసిన జాయింటులో నీరు దిగినట్టున్నది. మా రెండో సంవత్సరం పిల్లలు వేసిన జాయింటు అది. ఆదివారం పెద్దాయన వస్తానన్నాడు. విప్పి చూడాలి.